అలీ: హైదరాబాదునం దొక అరబ్బీ వ్యక్తినామము

అరబ్బీ పురుషనామములలో మిక్కిలి వ్యాప్తి గాంచిన వానిలో అలీ యనునది యొకటి. ఉన్నతుడు, ఘనుడు అని దీని యర్థము. ఇస్లాము మతమునం దీశ్వరునకు చెప్పబడు నామములలో 'అల్ అలీ' యనునదియు కలదు. మనుష్యులలో ఈ పేరును చిరస్మరణీయ మొనర్చినవాడు మహమ్మదు ప్రవక్తకు పెదతండ్రి కుమారుడును, ఆయన కుమార్తె ఫాతిమాకు భర్తయు నైన అలీ ఇబ్న్ అబీ తాలిబ్. ఈతడు క్రీ.శ. 656 మొదలు 661 వరకు నాలుగవ ఖలీఫాగా నుండి, కూఫా నగరమందలి మసీదులో హంతకుని కత్తివేటునకు గురియై ప్రాణములు విడిచెను. ఈతని సమాధి ఇరాకు దేశమున నజఫ్ నగరమునందు కలదు. షియాలు ఈతనిని ప్రథమ ఇమామునిగా కొలుతురు. సున్నీలు మొదటి నలుగురు ఖలీఫాలలో నొకనిగా గౌరవింతురు. సూఫీల గురుపరంపరలలో పెక్కు ఈతనితోనే ప్రారంభమగును. ఒక్క నామమును భిన్నసంప్రదాయములవారు సమానప్రీతితో తమ బిడ్డలకు పెట్టుకొనుటకు మూలకారణ మిదియే.

అలీకి గల బిరుదములు సైతము వ్యక్తినామములై లోకమున ప్రచరించినవి. సింహమను నర్థముగల హైదర్, దైవసింహమను నర్థముగల అసదుల్లా, శత్రుపంక్తులను చీల్చువాడను నర్థముగల సఫ్దర్, దైవానుగ్రహమునకు పాత్రుడను నర్థముగల ముర్తుజా, ప్రభు వను నర్థముగల మౌలా, విశ్వాసుల కధినాయకు డను నర్థముగల అమీరుల్ మోమినీన్ అనునవి వానిలో ముఖ్యములు. 1591లో మహమ్మద్ కులీ కుతుబ్ షా నిర్మించిన నగరమునకు హైదరాబా దను పేరు ఈ హైదర్ బిరుదమునుండియే వచ్చినదని చరిత్రకారులలో పెక్కుమంది యభిప్రాయము. కుతుబ్ షాహీ ప్రభువులు షియా మతస్థులగుటచే ఈ యభిప్రాయమునకు బలము చేకూరుచున్నది. కావున హైదరాబాదునందు అలీ నామచరిత్రను వ్రాయబూనుట యన, ఒక విధముగ, ఆ నగరముయొక్క పేరిటి చరిత్రనే వ్రాయుట యగును.

పంజగుట్ట, అమీరుపేట

నగరమధ్యమున మెట్రో రైలుయొక్క ఎర్ర మార్గమున అమీరుపేట, పంజగుట్ట, ఎర్రమంజిల్, ఖైరతాబాదు స్టేషనులు వరుసగా నున్నవి. 2017 నవంబరులో తెరువబడిన అమీరుపేట స్టేషను ఎర్ర, నీలి మార్గములు కలియు కూడలి. మైత్రీవనము చుట్టును గల శిక్షణ కేంద్రములకు ఆంధ్ర, తెలంగాణ ప్రాంతముల నలుమూలలనుండి వచ్చు యువకులు ఇక్కడనే దిగి, కంప్యూటరు కోర్సుల ప్రకటనలతో నిండిన వీథులలో ప్రవేశింతురు. ప్రతిదినమును ఉచ్చరింపబడు ఈ స్టేషనుల పేర్లలో ఒక ప్రాచీనభక్తికి సంబంధించిన జాడలున్న సంగతి నెరిగినవారు మాత్ర మరుదు.

పంజగుట్ట యను పదమున పూర్వభాగము పారసీకము, ఉత్తరభాగము తెలుగు. పంజా యనగా అయిదు వ్రేళ్ళతో గూడిన హస్తము. ఈ గుట్టమీద హజ్రత్ అలీ హస్తచిహ్న ముండెడిదనియు, అందువలననే గుట్టకీ పేరు వచ్చినదనియు జనశ్రుతి కలదు. పంజా యనునది అలీభక్తియందు కేవల మొక శరీరావయవమునకు పేరు కాదు. ప్రవక్త, ఫాతిమా, అలీ, హసన్, హుసేన్ అను పవిత్రులైన యైదుగురకు ఆ యైదు వ్రేళ్ళును సంకేతములు. మొహరము దినములలో తెలుగు పల్లెలయందు పీర్లచావడినుండి వెడలు పీర్లలో కొన్నింటికి హస్తాకృతి యుండుట కిదియే హేతువు. పంజా యను పరభాషాపదము ప్రక్కన గుట్ట యను తెలుగు మాట ఎట్టి సంకోచమును లేక నిలిచిన ఈ స్థలనామమును చూచినచో, నామకరణ మొనర్చిన జనుల నిత్యజీవనమున ఆ రెండు భాషలును ఎంత సన్నిహితముగ మెలగినవో బోధపడును.

అమీరుపేట విషయము కొంత వేరు. ఆరవ నిజాము కాలమున ఈ ప్రాంతము అమీర్ అలీ యను జాగీర్దారునకు చెందియుండెననియు, ఆతని పేరిటనే పేట యేర్పడెననియు వాడుకలోనున్న కథనము. ఈ కథనము ననుసరించినచో పేరులోని పూర్వార్ధము పేటకు నిలిచి, ఉత్తరార్ధమైన అలీ జారిపోయిన దనవలెను. ఇట్లు జారిపోవుట హైదరాబాదు స్థలనామములయందు సర్వసామాన్యమని ముందు చూడగలము. పంజగుట్టను దాటగనే యున్న ఎర్రమంజిల్ సౌధమును కట్టించిన నవాబు ఫక్రుల్ ముల్క్‌కు సఫ్దర్ జంగ్ అను బిరుదము కలదు. సఫ్దర్ అలీకి బిరుదమే గదా! ఆ సౌధమును పడగొట్టి శాసనసభకు నూతనభవనమును కట్టదలచిన ప్రభుత్వ నిర్ణయమును 2019లో తెలంగాణ హైకోర్టు కొట్టివేసెను. ఆ తీర్పు నగరచరిత్రకు మేలే చేసినది.

మౌలాలి

హస్తచిహ్నమునుగూర్చి జనశ్రుతి మాత్రమే గాక స్థిరమైన యారాధనాస్థానము కూడ గల కొండ మౌలాలి. నగరమునకు ఈశాన్యమున నున్న ఈ కొండయొక్క చరిత్ర ఇబ్రహీం కుతుబ్ షా కాలమునాటిది. రాజాంతఃపురమున సేవకుడుగా నున్న యాఖూత్ అనువాడు 1578లో వ్యాధిగ్రస్తుడై, స్వప్నమున కొండపైని అలీని దర్శించెననియు, మరునాడు వెదుకగా అలీ చేయి యూనిన శిలపై హస్తముద్ర కానవచ్చెననియు చెప్పుదురు. సుల్తాను అచ్చట దర్గాను కట్టించెను. ఏటేట రజబు మాసమున జరుగు ఉత్సవమునకు షియాలు, సున్నీలు, హిందువులు వత్తురు. అసఫ్ జాహీ ప్రభువులు సైతము ఆ యాత్రను పాటించిరి. ఉర్దూ కవయిత్రియు, సంగీత నృత్యములందు ప్రవీణురాలును నైన మాహ్ లఖా బాయి చందా (1768–1824) సమాధి ఈ కొండపాదముననే యున్నది. ఆమె తన గజళ్ళను అలీస్మరణముతో ముగించుట నియమముగా పెట్టుకొనెను. ఆమె కవిత్వమునందు శృంగారమును మాత్రమే చూచు పాఠకులు ఈ భక్తిసూత్రమును గమనింపక పోవుట విచారకరము.

మౌలా అలీ యను పదద్వయము తెలుగువారి నాలుకపై మౌలాలి యయ్యెను. కొండకును, రైల్వేస్టేషనుకును, పేటకును మాత్రమే గాక, మనుష్యులకును అదియే పేరయ్యెను. తెలుగు ముస్లిములలోను, దూదేకులవారిలోను మౌలాలి యను పేరుగలవారు ఊరూరను కానవత్తురు. పీర్ల పండుగనాడు మ్రొక్కుకొని కన్న బిడ్డలకు పీరు పేరు పెట్టుట తెలుగు పల్లెలలో హిందువులకును ఆచారమై యుండెను.

ఆరుగురు నిజాములు

అలీ నామవ్యాప్తిని పరిశీలించువారికి అసఫ్ జాహీ వంశావళి యొక విశేషమైన నిదర్శనము. వంశస్థాపకుడగు మీర్ ఖమరుద్దీన్ ఖాన్ నామమున అలీ లేదు. రెండవ అసఫ్ జా మొదలుకొని ఏడవ అసఫ్ జా వరకు సింహాసన మధిష్ఠించిన ఆరుగురి పేర్లను చూడుడు: నిజాం అలీ ఖాన్ (1762–1803), అక్బర్ అలీ ఖాన్ (1803–1829), ఫర్ఖుందా అలీ ఖాన్ (1829–1857), తహ్నియత్ అలీ ఖాన్ (1857–1869), మహబూబ్ అలీ ఖాన్ (1869–1911), ఉస్మాన్ అలీ ఖాన్ (1911–1948). సున్నీలైన ఈ ప్రభువులలో ఒక్కరి పేరైనను అలీ లేక పూర్తి కాలేదు. 1933లో జన్మించి 2023లో ఇస్తాంబులునందు మరణించి మక్కా మసీదులో ఖననము గావింపబడిన ఏడవ నిజాము మనుమడగు ముకర్రం జా అసలు పేరు సైతము మీర్ బర్కత్ అలీ ఖాన్. షియాలైన కుతుబ్ షాహీల రాజ్యము 1687లో మొగలుల చేతిలో నశించినను, ఆ రాజధాని గౌరవించిన నామము మాత్రము క్రొత్త ప్రభువుల పేర్లయందు నిలిచియే యుండెను.

వీరిలో తెలుగుదేశపు స్వరూపమునే మార్చినవాడు నిజాం అలీ ఖాన్. ఈతడు 1763లో రాజధానిని ఔరంగాబాదునుండి హైదరాబాదునకు మార్చెను. 1766 నాటి సంధివలన ఉత్తర సర్కారులను ఇంగ్లీషు కంపెనీకి వదలుకొనెను. 1800 నాటి సంధివలన బళ్ళారి, అనంతపురము, కడప సీమలతో గూడిన దత్తమండలములను వారి కప్పగించెను. కోస్తా, రాయలసీమ, తెలంగాణ అను మూడు ప్రాంతములు నూటయేబది సంవత్సరములు వేర్వేరు పాలనలలో పెరిగి, వేర్వేరు మనస్తత్వముల నలవరచుకొనుటకు బీజములు పడినవి ఈతని కాలముననే. తెలుగువారి ఆధునిక చరిత్రలో ఇంతటి దూరఫలములుగల సంతకములను చేసిన ప్రభువు మరియొకడు లేడు. ఐనను సామాన్యపాఠకుల కీతని పేరు తెలియకుండుట మన చరిత్రపాఠముల లోపము.

మహబూబ్ అలీ ఖాన్ ప్రజల హృదయమున పాషాగా నిలిచినవాడు. పాముకాటు పడినవారు ఆయన పేరు చెప్పుకొన్నచో విషము దిగునన్న విశ్వాసము తెలంగాణమున చిరకాలము ప్రబలియుండెను. పాలమూరునకు మహబూబ్‌నగర మను పేరు 1890లో ఈయన పేరిట వచ్చినదే. ఆయన కుమారుడగు ఏడవ నిజాము పేరిట ఉస్మానియా విశ్వవిద్యాలయము, ఉస్మాన్ సాగరము వెలసినవి. మనుమడగు హిమాయత్ అలీ ఖాన్ పేరిట హిమాయత్ సాగరము, హిమాయత్‌నగరము ప్రసిద్ధములు. ఈ స్థలనామము లన్నిటను పేరు మొదటి భాగము నిలిచి అలీ విడువబడినది. మనుష్యుని పేరులో వినయపూర్వకముగ చేర్చుకొన్న పూజ్యనామమును ఊరికిని, చెరువునకును అంటగట్టరాదను భావమే యిందుకు కారణమై యుండునని తోచును. కొండకు మాత్రము, అది అలీదే యగుటచే, ఆయన పేరే నిలిచినది.

ఉస్మాన్ అలీ యను పేరునందు ఒక గంభీరమైన విశేషమున్నది. ఉస్మాన్ మూడవ ఖలీఫా. ఆయన వధింపబడిన పిమ్మట ఖలీఫా యైనవాడు అలీ. ఆ మరణమునకు అనంతరము చెలరేగిన కలహమే ఇస్లాము చరిత్రలోని మొదటి అంతర్యుద్ధము. అరబ్బుదేశమున పక్షములై పోరిన రెండు పేర్లు దక్కనున ఒకే శిశువునకు పెట్టబడి, ఒక్క మనుష్యునిగా ముప్పదియేడు సంవత్సరములు రాజ్యము చేసినవి. పంజగుట్టలోని నిమ్స్ ఆసుపత్రికి మూలమైన నిజాం ఎముకల ఆసుపత్రి ఈ ప్రభువు నెలకొల్పిన ధర్మనిధి సహాయమున ఏర్పడినది. నేటికిని ప్రతిదినము తెలుగుజిల్లాల రోగులు వేలకొలదిగ అచ్చటికి వచ్చుచుందురు.

ఇట్టి సమన్వయమే తెలుగు సాహిత్యమునను కలదు. పిఠాపురమున విశ్వవిజ్ఞాన విద్యా ఆధ్యాత్మిక పీఠమున కధిపతిగా నుండిన ఉమర్ ఆలీషా (1885–1945) పేరున రెండవ ఖలీఫాయు, నాలుగవ ఖలీఫాయు చేరియున్నారు. ఈయన పారసీక మూలమునుండి ఉమర్ ఖయ్యామును తెనిగించిన కవి, 'అనసూయాదేవి', 'బర్హిణీదేవి' మున్నగు రచనలు గావించిన సంస్కృతాంధ్ర పండితుడు, కేంద్ర శాసనసభ సభ్యుడు, స్వాతంత్ర్యోద్యమమున పాల్గొన్నవాడు. ఒక మౌల్వీ అనసూయాచరితమును తెలుగున రచించుట నేటివారికి వింతగ తోచిన తోచవచ్చును గాని, ఆనాటి పిఠాపురమున నది సహజము. తెలుగు కవిత్వము ఎవరి సొత్తు అను ప్రశ్నకు ఈయన జీవితముకంటె నిర్ద్వంద్వమైన సమాధానమును నేనెరుగను. ఈయన రచనలు మన పాఠశాలలలో ఇంకను విరివిగ చదువబడవలెను.

మంత్రులు, ఇంజనీరులు, విద్వాంసులు

సాలార్ జంగ్ అను బిరుదముతో ముగ్గురు ప్రసిద్ధులు. ముగ్గురి పేర్లయందును అలీ కలదు. మొదటివాడైన మీర్ తురాబ్ అలీ ఖాన్ (1829–1883) ఇరువదినాలుగేండ్ల ప్రాయమున 1853లో దివానై, పన్నులను గుత్తకిచ్చు దుష్టపద్ధతిని తొలగించి, జిల్లాల వ్యవస్థను నెలకొల్పి, రాజ్యమును దివాలాస్థితినుండి కాపాడెను. రెండవవాడు మీర్ లాయఖ్ అలీ ఖాన్ అల్పాయుష్కుడు. మూడవవాడైన మీర్ యూసుఫ్ అలీ ఖాన్ (1889–1949) అవివాహితుడుగా నుండి, జీవితమంతయు కళాఖండముల సేకరణమునకే ధారపోసెను. ఆ సేకరణము 1951 డిసెంబరులో మ్యూజియముగా ప్రజలకు తెరువబడెను.

లాయఖ్ అలీ యను పేరుతోనే మరియొకడు హైదరాబాదు సంస్థానపు చివరి ప్రధానమంత్రియై, 1948 సెప్టెంబరు పోలీసుచర్య పిమ్మట అమీరుపేటకు సమీపముననే యున్న బేగంపేటలోని గృహమున నిర్బంధింపబడి, 1950 మార్చిలో కావలివారి కన్నుగప్పి పాకిస్తానునకు చేరెను. చరిత్రగ్రంథముల యనుక్రమణికలలో ఈ యిద్దరు లాయఖ్ అలీలును ఒక్కొక్కయెడ కలగలిసిపోవుట కలదు. ఇరువురి పదవీకాలములకును నడుమ అరువది యేండ్ల యంతరమున్నది.

ఇంజనీరులలో అలీ నవాజ్ జంగ్ (1877–1949) కీర్తి శాశ్వతమైనది. ఈయన అసలు పేరు మీర్ అహమ్మద్ అలీ. 1923–1931 సంవత్సరముల నడుమ మంజీరానదిపై నిర్మితమైన నిజాంసాగరము ఈయన ప్రతిభకు నిదర్శనము. నిజామాబాదు సీమయందలి చెరకు, వరి పొలములు ఈయనకు ఋణపడియున్నవి. ఈయన జన్మదినమగు జూలై 11ను తెలంగాణ ప్రభుత్వము ఇంజనీర్ల దినముగా జరుపుచున్నది. పండితులలో సయ్యద్ అలీ బిల్గ్రామీ (1851–1911) పెక్కు భాషల నెరిగినవాడు. ఫ్రెంచి విద్వాంసుడు లెబాన్ రచించిన అరబ్బుల నాగరకత యను గ్రంథమును ఉర్దూలోనికి పరివర్తనము చేసెను. విద్యాపాలకులలో అలీ యావర్ జంగ్ (1906–1976) రెండు పర్యాయములు ఉస్మానియా విశ్వవిద్యాలయమునకు ఉపాధ్యక్షుడై, పిమ్మట అలీగఢ్ విశ్వవిద్యాలయమునకు ఉపాధ్యక్షుడుగను, అమెరికాలో రాయబారిగను, మహారాష్ట్ర గవర్నరుగను పనిచేసెను. బొంబాయిలోని వినికిడిలోపముగలవారి జాతీయసంస్థ ఈయన పేరు ధరించియున్నది. 'సియాసత్' ఉర్దూ దినపత్రికను 1949లో స్థాపించిన ఆబిద్ అలీ ఖాన్, 1959లో మాంచెస్టరునందు తన తొలి టెస్టుపందెముననే శతకము సాధించిన క్రికెటు ఆటగాడు అబ్బాస్ అలీ బేగ్ హైదరాబాదువారే.

హైదరాబాదువాడు గాకపోయినను హైదరాబాదున తుదిశ్వాస విడిచిన మహాగాయకుడు ఉస్తాద్ బడే గులాం అలీ ఖాన్. కసూరులో జన్మించి, పాటియాలా ఘరానాకు మకుటాయమానుడై, 1968 ఏప్రిల్లో ఈయన బషీర్‌బాగు ప్యాలెసునందు మరణించెను. గులాం అలీ యనగా అలీ సేవకు డని యర్థము. అలీ పేరును నేరుగా గాక ఆయన సేవకత్వమును పేరుగా ధరించు సంప్రదాయమున కిది యుదాహరణము.

తెలుగు చలనచిత్రములలో మరే పదమును చేర్చక, ఒక్క అలీ యను పేరుతోనే ప్రసిద్ధుడైనవాడు రాజమహేంద్రవరమునకు చెందిన హాస్యనటుడు. 1981 నాటి 'సీతాకోకచిలుక' చిత్రమున బాలనటుడుగా పేరు గాంచి, 1994లో 'యమలీల' చిత్రమున కథానాయకుడయ్యెను. తెలుగు చిత్రపరిశ్రమ హైదరాబాదునకు తరలివచ్చిన తొలినాళ్ళలో నెలకొన్న సారథీ స్టూడియో అమీరుపేటలోనే యున్నది. తెలుగునాట కోట్లమందికి అలీ యనగానే మొదట స్ఫురించువాడు ఈ నటుడే యనుట సత్యమునకు దూరము కాదు.

ఇతర ప్రాంతముల అలీలు, తెలుగువారు

బిజాపూరు సుల్తాను మొదటి అలీ ఆదిల్ షా విజయనగరమునకు వచ్చి రామరాయల యాతిథ్యమును పొందినవాడే. ఆతడే 1565లో తక్కిన సుల్తానులతో గూడి ఆ నగరమును నేలమట్టము గావించిన కూటమిలో చేరెను. మైసూరు నేలిన హైదర్ అలీ, బిరుదమును నామమును రెండును అలీవే యైన ప్రభువు, 1770–80 నడుమ గుత్తి, కడపలను జయించెను. ఖిలాఫతు నాయకుడు మౌలానా మహమ్మద్ అలీ 1923 డిసెంబరులో కాకినాడలో జరిగిన కాంగ్రెసు మహాసభ కధ్యక్షత వహించెను. ప్రపంచప్రఖ్యాతుడైన ముష్టియోధుడు మహమ్మద్ అలీ ఇస్లామును స్వీకరించి 1964లో ఈ పేరును గ్రహించెను.

వీరందరికంటెను తెలుగునేలపై ప్రేమతో తిరుగాడినవాడు పక్షిశాస్త్రవేత్త సలీం అలీ (1896–1987). హైదరాబాదు సంస్థానపు పక్షులను 1931–32 సంవత్సరములలో ఊరూర దిరిగి పరిశీలించి, ఆయన ప్రకటించిన నివేదికలు నేటికిని ఈ ప్రాంతపు పక్షులనుగూర్చిన పరిశోధనకు పునాదులు. 1900 పిమ్మట ఎవ్వరి కంటను పడక, నశించినదని తలపబడిన కలివికోడి, 1986 జనవరిలో కడప జిల్లా చిట్టడవులలో మరల కనుగొనబడినది. కనుగొన్నవారు సలీం అలీ జీవితమంతయు సేవించిన బొంబాయి ప్రకృతిచరిత్ర సంఘమునకు చెందినవారు. ఆ వార్తను విను భాగ్యము ఆ వృద్ధునకు తన మరణమునకు ఒక సంవత్సరము ముందు కలిగెను.

పేరును చదువు విధము

ఇంటిపేరు ముందుండి వ్యక్తినామము తరువాత వచ్చు పద్ధతి కలవాటుపడిన తెలుగు పాఠకులు అలీని ఇంటిపేరుగా భ్రమించుట కద్దు. సలీం అలీ వంటి కొన్ని కుటుంబములలో నది వంశనామముగా స్థిరపడిన మాట నిజమే గాని, హైదరాబాదు ప్రముఖులలో అత్యధికుల విషయమున అది వ్యక్తినామమున విడదీయరాని భాగము: మహబూబ్ అలీ, తురాబ్ అలీ, ఉస్మాన్ అలీ యనునవి ఒక్కొక్కటి ఒక్కొక్క పేరు. మీర్, సయ్యద్ అనునవి ప్రవక్త వంశమును సూచించు పూర్వపదములు. ఖాన్, బేగ్ అనునవి గౌరవ, వంశ సూచకములు. జంగ్, దౌలా, ముల్క్, జా అనునవి రాజదత్తములైన బిరుదములు. తెలుగు గ్రంథములలో అలీ, ఆలీ, అల్లీ, ఆలి యను వ్రాతలన్నియు కానవచ్చుచున్నవి. గ్రంథాలయముల సూచీకర్తలు తురాబ్ అలీ ఖానును సాలార్ జంగ్ అను బిరుదము క్రిందను, అసలు పేరు క్రిందను రెండు చోట్ల నమోదు చేయుట మేలు; ఉమర్ ఆలీషాను మాత్రము, ఆయన తన గ్రంథములపై ముద్రించుకొన్న రీతిగనే, ఉకారమున ఉంచవలెను.